గోడమంచానికి తగిన పరుపు: ఉద్దానం తీరంలో ఎంపిక

గోడమంచం పగలు బీరువాలా గోడకు ఆనుకుని నిలబడుతుంది, రాత్రి కిందికి వాలి మంచమవుతుంది. పట్టణాల్లో దీన్ని వాల్‌బెడ్ అంటున్నారు. మామూలు మంచం మీద పరుపు ఏళ్ల తరబడి పరిచే ఉంటుంది. గోడమంచంలో మాత్రం రోజుకు పద్నాలుగు పదహారు గంటలు నిలబడి ఉంటుంది, అదీ మూసిన చెక్కపెట్టెలో. పరుపు ఎంపికలో వచ్చే చిక్కులన్నీ ఈ ఒక్క తేడాలోంచే పుడతాయి. దుకాణంలో పరుపు మీద కూర్చుని, చేత్తో నొక్కి, మెత్తగా ఉందో లేదో చూసి కొనే పద్ధతి ఇక్కడ చాలదు. బరువెంత, మందమెంత, నిలబెడితే రూపు నిలుస్తుందా, గాలాడని చోట చెమ్మకు ఓర్చుకుంటుందా అన్నవి ముందు చూడాలి. మెత్తదనం ఆ తర్వాతి మాట.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లోనూ, వాటికి ఆనుకుని ఉన్న పలాస-కాశీబుగ్గ, టెక్కలి పట్టణాల్లోనూ ఈ ప్రశ్నకు మరికొన్ని ముడులున్నాయి. సముద్రం దగ్గర. గాలిలో ఉప్పు, ఏడాదిలో చాలా నెలలు చెమ్మ. బతుకుతెరువు కోసం విశాఖపట్నం, హైదరాబాద్, ముంబై, గల్ఫ్ దేశాలకు వెళ్లినవాళ్ల ఇళ్లు ఇక్కడ ఎక్కువ. సంక్రాంతికో పెళ్లికో పిల్లలు వచ్చినప్పుడు తప్ప ఆ గదుల్లో మంచాలు వాడరు. గోడమంచం కావాలనిపించేది సరిగ్గా ఇలాంటి ఇళ్లలోనే. పరుపు నెలల తరబడి మూత వెనుక ఉండిపోయేదీ ఇక్కడే. ఇక పరుపుకు కావలసిన ముడిసరుకుల్లో ముఖ్యమైన కొబ్బరి పీచు ఈ తోటల్లోనే పుడుతుంది. అందుకే ఉద్దానంలో పరుపు ఎంపిక గురించి మాట్లాడటమంటే కొంతవరకు ఉద్దానం పంట గురించి మాట్లాడటమే.

పడక లేపి చోటు చేసుకోవడం తెలుగు ఇంటికి కొత్త కాదు. నులకమంచాన్ని పొద్దున్నే లేపి వసారాలో గోడకు చేరవేయడం తరాల అలవాటు. అయితే అక్కడ బొంత, దుప్పటి వేరుగా మడిచి దండెం మీదో పెట్టె మీదో పెట్టేవారు, మంచం ఒక్కటే నిలబడేది. జపాన్‌లోనూ పడకను పొద్దున మడిచి గోడ అరలో దాచే పద్ధతి ఉంది. అక్కడ పరుపు లేస్తుంది గానీ మంచమే లేదు. రెండూ కలిసి ఒకేసారి లేవడం యంత్రయుగపు ఆలోచన. షికాగోలో సామాన్ల దుకాణం నడిపిన సారా గూడ్ 1885 జూలై 14న మడిస్తే రాతబల్లగా మారే మంచానికి పేటెంట్ పొందింది. అమెరికా పేటెంట్ పొందిన తొలి నల్లజాతి మహిళల్లో ఆమె ఒకరు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన విలియం మర్ఫీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోడలోకి లేచే మంచాన్ని వ్యాపారంగా నిలబెట్టాడు. ఇంగ్లిష్ దేశాల్లో ఈ మంచానికి ఇప్పటికీ ఆయన పేరే వాడుక.

పలాస స్టేషన్‌లో రైలెక్కేవాళ్లందరికీ తెలిసిన గోడమంచం మరొకటి ఉంది. స్లీపర్ పెట్టెలో పగలు గోడకు వాలి, రాత్రి గొలుసులకు వేలాడే మధ్య బెర్తు. దాని తయారీని గమనిస్తే సగం పాఠం అక్కడే దొరుకుతుంది. మెత్త పలచన, బరువు తక్కువ, పైన రెక్సిన్ తొడుగు, పలకకు అంటి ఉండటం వల్ల లేపినా దించినా జారదు. ఇంట్లో ఇంతకంటే సుఖం కావాలి, నిజమే. కానీ పలచన, తేలిక, జారకపోవడం అన్న మూడు గుణాలను వదిలి సుఖాన్ని వెతికితే గోడమంచం కొన్నాళ్లకే మొరాయిస్తుంది.

బరువు, లెక్క

గోడమంచం లేవడానికి సాయం చేసేవి రెండు రకాలు. ఒకటి స్ప్రింగుల వరుస. రెండోది మార్కెట్‌లో హైడ్రాలిక్ పేరుతో అమ్మే గొట్టాలు. వాటి లోపల ఒత్తిడితో నింపినది ప్రధానంగా నైట్రోజన్ వాయువు. రెండింటి పనీ ఒకటే, మంచం బరువుకు ఎదురుబరువుగా నిలవడం. తయారీదారు ఆ బలాన్ని ఒక అంచనా బరువుకు సరిపోయేలా అమరుస్తాడు. పరుపు అంతకంటే బరువైతే మంచం కిందికి దిగేటప్పుడు ధడాలున పడుతుంది, లేపేటప్పుడు నడుము పట్టేస్తుంది. అంతకంటే తేలికైతే చిక్కు తిరగబడుతుంది: మనిషి లేవగానే మంచం కాళ్లవైపు పైకి తేలుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ప్రమాదమే. కాబట్టి గోడమంచం కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, ఇది ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల వరకు పరుపును మోస్తుందని. గరిష్ఠం ఒక్కటే చెప్పి కనిష్ఠం చెప్పని అమ్మకందారు మాట సగమే.

పరుపు బరువును దుకాణంలో ఎవరూ చెప్పరు. సాంద్రత మాత్రం చాలావాటికి తెలుసుకోవచ్చు, దాన్నిబట్టి బరువు కట్టవచ్చు. రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు ఘనపు మీటరుకు సుమారు 80 కిలోలు, మేలురకం పాలీయురెథేన్ ఫోమ్ సుమారు 32, ఫోమ్ ముక్కలను మళ్లీ అతికించి చేసే రీబాండెడ్ ఫోమ్ సుమారు 100, సహజ లేటెక్స్ సుమారు 80 అనుకుందాం. కంపెనీని బట్టి ఇవి కొంత అటూ ఇటూ అవుతాయి. ఒక్కరు పడుకునే 72 × 36 అంగుళాల పరుపు 5 అంగుళాల మందంతో 0.21 ఘనపు మీటర్లు. అది ఫోమ్ అయితే 7 కిలోలు, పీచయినా లేటెక్స్ అయినా 17, రీబాండెడ్ అయితే 21. ఇద్దరు పడుకునే 78 × 60 అంగుళాల పరుపు 6 అంగుళాల మందంతో 0.46 ఘనపు మీటర్లు. అక్కడ తేడా బాగా తెలుస్తుంది: ఫోమ్ 15 కిలోలు, పీచు 37, రీబాండెడ్ 46.

ఈ తేడా చేతికి ఎంత తెలుస్తుందన్నది తూనిక లెక్కే. మంచం తలవైపు కీలు మీద తిరుగుతుంది, పరుపు బరువు మధ్యలో పని చేస్తుంది, లేపే చెయ్యి కాళ్లవైపు చివర ఉంటుంది. కాబట్టి పరుపు ఎంత బరువు పెరిగితే అందులో సగం చేతి మీద పడుతుంది. ఫోమ్ పరుపుకు అమర్చిన మంచంలో 6 అంగుళాల పీచు పరుపు వేస్తే అదనంగా వచ్చే 22 కిలోల్లో 11 కిలోలు రోజూ పొద్దున ఎత్తాలి. వయసు మళ్లినవారు, నడుంనొప్పి ఉన్నవారు ఇది చేయలేరు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో నలుగుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. డయాలసిస్‌కు వెళ్లివచ్చే మనిషి చేత రోజూ మంచం ఎత్తించకూడదు. అలాంటివారి గదిలో గోడమంచం కాక మామూలు మంచమే ఉండాలి. తప్పదంటే వేరొకరు లేపి దించే ఏర్పాటు ఉండాలి.

వాయువు గొట్టాలకు వేడితో సంబంధం ఉందని కొన్నవారిలో చాలామందికి తెలియదు. వాయువు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. 10 డిగ్రీలకు మూడు శాతానికి పైగా బలం మారుతుంది. పుష్యమాసపు తెల్లవారుజామున సరిగ్గా లేచిన మంచం వైశాఖపు మధ్యాహ్నం కాస్త తొందరగా లేవడం అందువల్లనే. తేడా ఈపాటిదైతే లోపం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ వాయువు కొద్దికొద్దిగా తగ్గి మంచం బరువెక్కినట్టు అనిపించడం వేరు, అప్పుడు గొట్టాలు మార్చాలి. బరువు పరుపుతో నడిచే మంచంలో ఆ రోజు ముందే వస్తుంది.

మందం, నిలకడ

పెట్టె లోతు పరుపు మందాన్ని నిర్ణయిస్తుంది. చాలా గోడమంచాల్లో 8 నుంచి 10 అంగుళాల వరకు పరుపు ఇముడుతుంది. ఇక్కడి వడ్రంగులు ఇంటికి వచ్చి చేసే వాటిలో లోతు అంతకంటే తక్కువే ఉంటుంది. గదిలో ముందుకు పొడుచుకు రాకూడదని ఇంటివాళ్లే లోతు తగ్గించమంటారు. పట్టెల పైనుంచి చట్రం అంచు వరకు కొలిచిన లోతులోంచి దుప్పటి, కప్పుకునేది, వాటి మడతల కోసం ఒక అంగుళం తీసేయాలి. మిగిలినది పరుపుకు దక్కే మందం. దిండ్లు పెట్టెలో పెట్టకపోవడమే మంచిది. బలవంతంగా నొక్కి మూసిన మంచంలో కీళ్లు వంగుతాయి, పరుపు పైపొర నలిగి అలాగే ఉండిపోతుంది. 8 అంగుళాల పరుపు పట్టే పెట్టెలో 5, 6 అంగుళాల పరుపు వేయడం సరైన పని. దుకాణాల్లో 10, 12 అంగుళాల పరుపును గొప్ప సరుకుగా చూపిస్తారు. ఆ గొప్ప గోడమంచానికి పనికిరాదు.

నిలబెట్టినప్పుడు పరుపు తన బరువంతా తలవైపు అంచు మీద వేసుకుంటుంది. అప్పుడు దాని లోపలి కట్టు బయటపడుతుంది. పీచు పలక బిగువుగా ఉంటుంది కాబట్టి నిలబడితే నిలబడినట్టే ఉంటుంది. స్ప్రింగు పరుపు కూడా చట్రం వల్ల వంగదు. పలచని ఫోమ్ ఫర్వాలేదు. మెమరీ ఫోమ్ పైపొరలు, జెల్ పొరలు, పైన దూదిమెత్త కుట్టిన పరుపులు మాత్రం వేసవి వేడిలో మెత్తబడి కిందికి దిగుతాయి, తలవైపు ఉబ్బి కాళ్లవైపు పలచబడతాయి. గాలి నింపేవి, నీళ్లు నింపేవి ఈ మంచానికి అసలే కుదరవు. ఏ పరుపైనా జారకుండా రెండు చోట్ల అడ్డంగా పటకా ఉండాలి. పటకా లేని మంచానికి నవారుతో దాన్ని కుట్టించుకోవచ్చు.

సోఫాగా మడిచే మంచానికీ గోడమంచానికీ తేడా మరువకూడదు. సోఫా మంచంలో పరుపు నడుం దగ్గర విరుగుతుంది, దానికి ఫోమ్ తప్ప మరొకటి పనికిరాదు. గోడమంచంలో పరుపు విరగదు, నిటారుగా లేస్తుంది. పీచు పరుపుకు ఇక్కడ చోటు దొరికేది అందుకే. పీచు పలకను ఒకసారి మడిచారంటే లోపల రబ్బరు అతుకులు తెగి, ఆ గీత మళ్లీ సర్దుకోదు.

దూది నుంచి పీచు దాకా

తెలుగు ఇళ్లలో పాత పరుపంటే దూది పరుపే. ఏటా ఎండాకాలంలో దూదేకులవారు విల్లుతో వచ్చి, అరుగు మీద పాత దూదిని విప్పి ఏకి మళ్లీ కుట్టేవారు. ఎండ దానికి ప్రాణం, ఎంత ఎండబెడితే అంత పొంగుతుంది. గోడమంచంలో మాత్రం దూదిది బలహీనమైన పక్షం. నిలబెడితే దూది కిందికి జరుగుతుంది. దగ్గరదగ్గరగా టాకాలు వేస్తే కొంత ఆగుతుంది, కానీ ఏడాది తిరిగేసరికి తలవైపు గడ్డకట్టి కాళ్లవైపు సంచిగా మిగులుతుంది. పైగా చెమ్మను పీల్చుకుని వదలదు. బూరుగు దూది చెమ్మను అంతగా పీల్చదు, తేలికగానూ ఉంటుంది. కానీ దాని పోగులు నున్నగా ఉండి ఇంకా తొందరగా జారుతాయి, కొన్నాళ్లకు నలిగి పొడి అవుతాయి. బూరుగు దూదిని దిండ్లకు ఉంచుకోవడం మంచిది.

కొబ్బరి పీచు కథ వేరు. కాయ ఒలిచిన తర్వాత మిగిలే డొక్కను నానబెట్టి, మిల్లులో కొట్టి పీచు తీస్తారు. సుమారు పది పన్నెండు డొక్కలకు ఒక కిలో పీచు వస్తుంది. ముదురు కాయ డొక్కలోంచి వచ్చే గోధుమరంగు పీచు గట్టిది, పరుపులకు అదే కావాలి. ఆ పీచును నేరుగా పరిచేస్తే చాపలా అణిగిపోతుంది. దాన్ని మొదట తాడుగా బిగించి పేని, ఆ మెలిక పట్టేదాకా ఉంచి, మళ్లీ విప్పుతారు. అప్పుడు ఒక్కొక్క పోగూ ఉంగరాలు తిరిగి స్ప్రింగులా పని చేస్తుంది. ఆ పోగుల మీద రబ్బరు పాలు చల్లి, పొరలు పేర్చి, అచ్చులో నొక్కి, వేడి మీద గట్టిపరిస్తే పరుపు పలక తయారవుతుంది. భారత ప్రమాణాల్లో ఈ పలకలకు ఐఎస్ 8391, ఇంటి పరుపుల ఫోమ్‌కు ఐఎస్ 7933 ఉన్నాయి. ఈ పద్ధతి దక్షిణ భారతంలో 1960లలో పెద్ద పరిశ్రమ అయింది. మణిపాల్ సమూహపు కర్లాన్, అలప్పుళలో మొదలైన డ్యూరోఫ్లెక్స్ ఆ దశాబ్దంలో పుట్టినవే. రబ్బరు బరువు పక్కన పెట్టినా ఒక్కరు పడుకునే పీచు పరుపు వెనుక వందకు పైగా కొబ్బరికాయలుంటాయి.

ఉద్దానం ఈ గొలుసులో మొదటి కడియం. కవిటి, కంచిలి, సోంపేట చుట్టుపక్కల పీచు మిల్లులు డొక్కను పీచుగా మారుస్తాయి. పరుపు తయారయ్యేది దూరపు ఫ్యాక్టరీల్లో. కొబ్బరి చెట్టుకు తగిలిన దెబ్బ పీచుకూ తగులుతుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం తోటలు నేలకొరిగాయి. కొబ్బరితో పాటు జీడి, పనస పోయాయి. పొడుగు రకం కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు కావాలి. డొక్క లేనిదే మిల్లు లేదు. ఇక్కడి కుటుంబం తన గోడమంచానికి పీచు పరుపు ఎంచుకుంటే, ఆ ఖర్చులో కొంతైనా తోటకు తిరిగి చేరే దారి ఉందన్నది చిన్న విషయం కాదు. కానీ పరుపును జాలితో కొనకూడదు. అది పనికొస్తేనే కొనాలి.

పనికొచ్చే గుణాలు దానికి ఉన్నాయి. పీచులో లిగ్నిన్ ఎక్కువ, నలభై శాతానికి పైనే. అందుకే మొక్కల నుంచి వచ్చే నారల్లో కుళ్లుకు బాగా ఓర్చుకునేవాటిలో ఇది ఒకటి. పోగుల మధ్య ఖాళీ ఉండటంతో గాలి ఆడుతుంది, వేసవి రాత్రి వీపు కింద వేడి నిలవదు. నిలబెడితే రూపు చెడదు. లోపాలూ ఉన్నాయి. గట్టిగా ఉంటుంది. కొన్నేళ్లకు నడుం, పిరుదులు ఆనే చోట గుంట పడుతుంది, పడితే తిరిగి లేవదు. రబ్బరు ఎండిపోయి పొడిరాలడం మొదలైతే పీచు దుమ్ము గదిలో చేరుతుంది, ఉబ్బసం ఉన్నవారికి అది మంచిది కాదు. ఇంకా ముఖ్యంగా, పైన లెక్క చూపినట్టు, 6 అంగుళాల పీచు బరువు.

ఈ బరువుకూ గట్టితనానికీ ఒకే విరుగుడు ఉంది: అడుగున 4 అంగుళాల పీచు, పైన ఒక అంగుళం మేలురకం ఫోమ్ లేదా లేటెక్స్. 78 × 60 పరుపులో అప్పుడు పీచు 24.5 కిలోలు, ఫోమ్ రెండున్నర, మొత్తం 27 కిలోలు, తొడుగుతో కలిపి 30 లోపే. మందం 5 అంగుళాలు కాబట్టి వడ్రంగి చేసిన పెట్టెలోనూ సులువుగా ఇముడుతుంది. ఉద్దానం తీరంలో గోడమంచానికి అన్నీ కలిపి చూస్తే ఈ కూర్పే మిగతావాటి కంటే మెరుగు. ఒక్కరి మంచమైతే బరువు బాధే లేదు, పూర్తి పీచు పరుపైనా వేసుకోవచ్చు.

మిగతావాటి సంగతి క్లుప్తంగా. పాలీయురెథేన్ ఫోమ్ తేలిక, చవక, ముసలివాళ్లు కూడా లేపగలరు. సాంద్రత తక్కువైతే రెండు మూడేళ్లకే చితికిపోతుంది కనుక 32కు తగ్గనిది తీసుకోవాలి. రీబాండెడ్ ఫోమ్ గట్టిగా, నిలకడగా ఉంటుంది గానీ అన్నిటికంటే బరువు. సహజ లేటెక్స్ సుఖంలో ముందుంది, ధరలోనూ ముందే. అది వంగుతుంది, జారుతుంది, బరువూ ఉంది, ఎండ తగిలితే పెళుసెక్కుతుంది. స్ప్రింగు పరుపు నిలబడటంలో మంచిదే. కానీ తీరంలో ఉప్పుగాలి ఇనుమును వదలదు. తీగెలు లోపల తుప్పు పట్టి చప్పుడు మొదలైన తర్వాత బాగుచేయించే దారి లేదు. సముద్రానికి కొన్ని కిలోమీటర్ల లోపల ఉన్న ఊళ్లలో మంచపు స్ప్రింగులకే తుప్పు రాకుండా చూసుకోవడం ఒక పని, పరుపులోకి కూడా ఇనుము తెచ్చుకోవడం అనవసరం.

నడుం సంగతి

గట్టి పరుపు నడుముకు మంచిదని, చెక్కబల్ల మీద పడుకుంటే వెన్ను సర్దుకుంటుందని చాలామంది నమ్ముతారు. వైద్య పరిశోధన అంతవరకు వెళ్లలేదు. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుంనొప్పి ఉన్న 313 మందికి, ఎవరికి ఏది దక్కిందో తెలియకుండా, కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం గట్టివి ఇచ్చి 90 రోజులు చూశారు. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మధ్యరకం పరుపు మీద పడుకున్నవారికి నొప్పి, ఇబ్బంది ఎక్కువ తగ్గాయి. 2015లో అనేక పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష కూడా మధ్యరకం వైపే మొగ్గింది. పూర్తి పీచు పరుపు గట్టివైపు ఉంటుంది. పైన ఒక అంగుళం మెత్త వేస్తే మధ్యరకానికి దగ్గరగా వస్తుంది. పక్కకు తిరిగి పడుకునేవారికి, భుజం ఎముక ఒత్తుకునేవారికి ఆ అంగుళం మరీ అవసరం. బరువైన మనిషికి పీచు, తేలికైన మనిషికి ఫోమ్ అన్నది స్థూలంగా సరైన లెక్క. గోడమంచం అడుగు సాధారణంగా ప్లైవుడ్ కావడం వల్ల పరుపు ఇంకాస్త గట్టిగా అనిపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

చెమ్మ, గోడ

ఉద్దానంలో పరుపును పాడుచేసేది వాడకం కంటే చెమ్మ. జిల్లాలో ఏటా 1,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. జూన్ నుంచి అక్టోబర్ తుపానుల దాకా గాలి తడిగానే ఉంటుంది. తోట మధ్య ఇల్లయితే నీడ వల్ల గోడలు ఆరవు. రాత్రంతా ఒంటి నుంచి దిగిన తడితో ఉన్న పరుపును తెల్లారగానే పెట్టెలో మూస్తే ఆ తడి పోయే దారి ఉండదు. బూజు వాసన ముందు వస్తుంది, తర్వాత పరుపు వెనుకవైపు నల్లని చుక్కలు కనిపిస్తాయి. దుమ్ము పురుగులు కూడా గాలిలో తేమ సగానికి మించిన చోటే పెరుగుతాయి, ఈ తీరంలో ఏడాది పొడుగునా వాటికి అనుకూలమే.

దీనికి పరుపు ఒక్కటే జవాబు కాదు, మంచమూ సహకరించాలి. అడుగున పూర్తి ప్లైవుడ్ పలక కాక, రెండు మూడు అంగుళాల సందుతో చెక్క పట్టెలు ఉండాలి. పలకే వేసివుంటే వడ్రంగి చేత దానికి కన్నాలు పొడిపించవచ్చు. పెట్టె వెనుకభాగానికీ గోడకూ మధ్య ఒక అంగుళం ఖాళీ, పైనా కిందా గాలి పోయే సందులు ఉంచాలి. లేవగానే మంచం మూయకుండా, పొద్దుటి పని అయ్యేదాకా పరుపును గాలికి వదలాలి. పండక్కి మాత్రమే వాడే గదిలో మంచం వారానికి ఒకసారైనా దించి కిటికీలు తెరవాలి. ఇంట్లో ఎవరూ ఉండని నెలల్లో పరుపును పెట్టెలో వదలకూడదు. బయటికి తీసి, రెండు వైపులా గాలి తగిలేలా నిలబెట్టి, పైన పాత నూలు దుప్పటి కప్పాలి. కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ కవరును తీసేయాలి. దాన్ని ఉంచేవారు చాలామంది, చెమ్మను లోపల బంధించేది అదే. పీచు, దూది పరుపులను మాఘ ఫాల్గుణాల ఎండలో ఒక పూట వేస్తే మంచిది. ఫోమ్, లేటెక్స్ పరుపులకు నీడలో గాలి చాలు.

ఏ గోడకు అమర్చాలన్నది తీరప్రాంతంలో కష్టమైన నిర్ణయం. మంచం, పరుపు, లేపేటప్పుడు పడే లాగుడు అన్నీ గోడలో దిగిన బోల్టుల మీద ఆధారపడతాయి. బయటి గోడ 9 అంగుళాల ఇటుకతో గట్టిగా ఉంటుంది, కానీ తుపాను వాన కొట్టేది దాన్నే, చెమ్మ ఊరేదీ దానిలోంచే. గదుల మధ్య అడ్డుగోడ పొడిగా ఉంటుంది, కానీ చాలా ఇళ్లలో అది నాలుగున్నర అంగుళాలే, బోల్టు పట్టు తక్కువ. ఇల్లు కట్టే దశలోనే ఉంటే లోపలి గోడల్లో ఒకదాన్ని 9 అంగుళాలకు లేపించుకోవడం అన్నిటికంటే మంచి మార్గం. కట్టేసిన ఇంట్లో లోపలి గోడనే ఎంచుకుని, బరువును నేల మోసే ఇనుప చట్రం పెట్టించి, గోడకు కేవలం ముందుకు ఒరగనివ్వని పట్టు ఇవ్వాలి. మట్టిగోడకు, బోలు ఇటుక గోడకు గోడమంచం వద్దు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక తయారీ సంస్థ సుమారు 1,29,000 గోడమంచాలను వెనక్కి పిలిపించింది. గోడ నుంచి ఊడి మనుషుల మీద పడిన ఘటనలు పదుల సంఖ్యలో జరిగాయి, 79 ఏళ్ల మహిళ ఒకరు గాయాలతో చనిపోయారు. బోల్టు సరిగా దిగని గోడ మీద పరుపు ఎంత మంచిదైనా లాభం లేదు.

అమరికలో ఇంకో వీలు కూడా ఉంది. మంచం పొడవుగా కాక అడ్డంగా, పక్కవైపు కీలు మీద లేచేలా చేయించవచ్చు. అప్పుడు పరుపు వెడల్పు మాత్రమే పైకి నిలుస్తుంది. కప్పు తక్కువ ఎత్తున్న పాత ఇళ్లకు ఇది అనువు, గోడ మీద లాగుడు కూడా తగ్గుతుంది. నిలబడినప్పుడు పరుపు పొడవైన అంచు మీద ఆనుతుంది కనుక కిందికి దిగడం కూడా తక్కువ, మెత్తని పరుపులు కొంత బతుకుతాయి. ఒక్కరి మంచానికి ఇది బాగా కుదురుతుంది. ఇద్దరి మంచానికైతే లోపలివైపు పడుకున్నవారు రెండోవారిని దాటుకుని దిగాలి.

కొనడంలో, మార్చడంలో

వరుస తప్పితే డబ్బు వృథా. చాలామంది ముందు మంచం చేయించి, ఇంట్లో ఉన్న పాత పరుపు దాని మీద వేసి, లేవకపోతే వడ్రంగిని తిడతారు. పరుపు ముందు నిర్ణయించాలి. దాని పొడవు, వెడల్పు, మందం, బరువు కాగితం మీద రాసి వడ్రంగికో కంపెనీకో ఇవ్వాలి, వాళ్లు దానికి తగ్గ గొట్టాలు ఎంచుతారు. పలాస, టెక్కలి దుకాణాల్లో 72, 75, 78 అంగుళాల పొడవులు మూడూ దొరుకుతాయి. మంచం 78కి చేసి 75 పరుపు వేస్తే మూడు అంగుళాల సందులో పరుపు కిందికి జారి కూర్చుంటుంది, పటకా కూడా ఆపలేదు. బరువు నమ్మకంగా తెలియాలంటే స్నానపు గది తూనిక మీద మనిషి ఒకసారి ఉత్తగా, ఒకసారి పరుపు పట్టుకుని నిలబడి తేడా తీస్తే చాలు.

పీచు పరుపును మూడు నెలలకోసారి తిప్పాలి, తలవైపు కాళ్లవైపుకు. పైన మెత్త పొర ఉన్నదాన్ని బోర్లా వేయకూడదు, తల కాళ్లు మాత్రమే మార్చాలి. ఆరేడేళ్లకు గుంట పడినప్పుడు పరుపు మార్చవలసి వస్తుంది. అప్పుడు పాత పరుపును పారేయకముందే తూచి పెట్టుకోవాలి. కొత్తది దానికి నాలుగైదు కిలోల లోపు తేడాతో ఉంటే మంచాన్ని ముట్టుకోనక్కర్లేదు. అంతకు మించితే స్ప్రింగుల సంఖ్యనో గొట్టాల బలాన్నో సరిదిద్దించాలి. గొట్టం మీద దాని బలం న్యూటన్లలో ముద్రించి ఉంటుంది, పరుపు బరువు మారకుండా గొట్టాలే పాతబడితే ఆ అంకె రాసుకుని అదే బలం ఉన్న జతను తెప్పించాలి. జతలో ఒక్కటే మారిస్తే మంచం ఒక పక్కకు లాగుతుంది, రెండూ కలిపే మార్చాలి. పాత పీచు పరుపులోని పలకను విప్పి ముక్కలు చేస్తే మొక్కల మొదళ్లకు తడి నిలిపే ఆచ్ఛాదనగా వాడుకోవచ్చు. కవిటి ప్రాంతంలో తోట లేని ఇల్లు తక్కువ కాబట్టి దానికి చోటు వెతకనక్కర్లేదు.